ఆ మంచం పక్కన ఒక్క నిమిషం

కాన్పు తర్వాత రక్తస్రావం ఆగక తల్లి చనిపోయిందంటే, ఆ గదిలో ఉన్న స్టాఫ్ నర్సుకూ హౌస్ సర్జన్‌కూ ఏడవడానికి వ్యవధి ఉండదు. బయట ఎదురుచూస్తున్నవాళ్లకు చెప్పాలి, డెత్ సమ్మరీ రాయాలి, గ్లవ్స్ మార్చుకుని పక్క టేబుల్ దగ్గరికి నడవాలి. ‘పోనుపోను అలవాటవుతుందిలే’ అని సీనియర్లు ధైర్యం చెబుతారు. ఆ మాట ప్రేమతో అన్నదే అయినా తప్పని నా నమ్మకం. 2000లో అమెరికా వైద్యుడు ఆల్బర్ట్ వూ, పొరపాటు జరిగినప్పుడు రోగి తర్వాత రెండో బాధితుడు వైద్యుడేనని రాశాడు. చనిపోయింది మావాళ్లయితే బాధితులు మీరెలా అవుతారని రోగుల బంధువులు అభ్యంతరం చెప్పారు. వాళ్ల కోపం న్యాయమైనదే, ఆ పేరు వదిలేద్దాం. కానీ ఎవరి పొరపాటూ లేని చావు కూడా నర్సుకు నిద్ర లేకుండా చేస్తుంది. తెల్లారి ఇన్సులిన్ డోసు లెక్కకట్టేది ఆమే.

జరిగిందంతా ఒక్కసారి కూర్చోబెట్టి చెప్పిస్తే సరిపోతుందని చాలాకాలం అనుకున్నారు. 2002 నాటి కాక్రేన్ సమీక్ష ఆ నమ్మకాన్ని కొట్టేసింది: ఆపదలు ఎదుర్కొన్నవారికి అలాంటి ఒక్క విడత డీబ్రీఫింగ్ మేలు చేస్తుందనడానికి ఆధారం లేదు, బలవంతంగా చేయించడం మానాలి. అందుకే వర్జీనియా నర్సు జొనాథన్ బార్టెల్స్ మొదలుపెట్టిన పద్ధతి నాకు నచ్చుతుంది. ప్రాణం పోయాక గదిలో ఉన్నవాళ్లంతా కాసేపు మౌనంగా నిలబడతారు, అంతే. ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు. క్యాజువాలిటీలో స్ట్రెచర్లు నిండిపోయి ఉంటే ఆ నిమిషం మాత్రం ఎక్కడిదంటారా? సీపీఆర్ చేసేటప్పుడు రెండు నిమిషాలకోసారి మనిషిని మారుస్తాం, చేతులు అలసిపోతాయని తెలుసు కాబట్టి. మనసు అలసటను ఒప్పుకోవడానికి ఎందుకింత మొహమాటం?

మౌనం ఒక్కటే చాలదు, భయం కూడా ఉంది. 2022 మార్చిలో రాజస్థాన్‌లోని దౌసా జిల్లాలో ఇలాగే కాన్పు తర్వాత రక్తస్రావంతో ఒక బాలింత చనిపోయింది. వైద్యం చేసిన డాక్టరు మీద హత్య కేసు పెట్టారు. మర్నాడే ఆ డాక్టరమ్మ ప్రాణం తీసుకుంది. నిపుణుల అభిప్రాయం లేకుండా డాక్టరు మీద చర్య తీసుకోవద్దని సుప్రీంకోర్టు 2005లోనే చెప్పినా ఆమెకు అక్కరకు రాలేదు. తోటివాళ్లతో చెప్పుకోలేనివాళ్లకు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. అయితే ఆ ఫోన్ దాకా వెళ్లకముందే చేయాల్సిన పని వార్డులో ఉంది. డ్యూటీలు వేసే హెడ్ నర్సులూ, యూనిట్ చీఫ్‌లూ, ఆ మంచం దగ్గర చివరిదాకా నిలబడిన అమ్మాయిని ఆ రాత్రికి ఇంటికి పంపండి. మూడో రోజున మళ్లీ ఒకసారి పిలిచి, ఎలా ఉన్నావమ్మా అని అడగండి.