తనంతట తానే నోరు తెరిచే సంచి

కూరగాయల బజారులో ప్లాస్టిక్ కవర్ తెరవడం ఒక విద్య. ఒకాయన దాన్ని రెండు అరచేతుల మధ్య పెట్టి నలుపుతాడు. పక్క కొట్టామె అంచు పట్టుకుని గాల్లో ఒక్క విదిలింపు విదిలిస్తుంది. కొందరు ఉఫ్‌మని ఊదుతారు. వేలు నాలికకు తాకించుకునేవాళ్లూ ఉన్నారు, మనం చూడనట్టు ఊరుకుంటాం. ఎంత తడిమినా ఏది నోరో ఏది అడుగో మనకు తేలని కవర్ వాళ్ల చేతిలో చిటికెలో తెరుచుకుంటుంది.

ఆ నేర్పును మనిషి వేళ్లలోంచి తీసి కవర్‌లోనే పెట్టేసినవాళ్లున్నారు. అమెరికాలో పెద్ద సూపర్‌మార్కెట్ల బిల్లు కౌంటరు దగ్గర ఇనప కమ్మీల రాక్‌కి కవర్ల కట్ట వేలాడుతుంటుంది. ముందున్న కవర్ నిండగానే క్యాషియర్ దాన్ని లాగేస్తారు. లాగుతుండగానే దాని వెనకది నోరు తెరుచుకుని నిలబడుతుంది. దాన్నీ లాగితే ఆ వెనకది. పిల్లల దగ్గరికి వెళ్లొచ్చిన మన పెద్దవాళ్లు వాల్‌మార్ట్‌లో గుండ్రంగా తిరిగే రాక్ గురించి ముచ్చటగా చెబుతారు. ఆ రాక్ మీద కవర్ తెరుచుకునే తీరు మాత్రం సాధారణంగా ఎవరి కంటా పడదు. మోటారు లేదు, స్ప్రింగు లేదు, గాలి ఊదే గొట్టం లేదు. మరి ఎలా?

ముందు సంచి సంగతి. బనియన్ ఆకారంలో రెండు చేతులుండే ఈ సంచిని రూపొందించింది స్టెన్ గుస్టాఫ్ థులిన్ అనే స్వీడన్ ఇంజినీరు. నార్షోపింగ్‌లోని సెల్లోప్లాస్ట్ కంపెనీలో పనిచేసేవాడు. 1965లో అమెరికా పేటెంటు వచ్చింది. పాలిథిన్‌ని గొట్టంలా ఊదాలి, చదును చేయాలి, రెండు పక్కలా లోపలికి మడవాలి, పైనా కిందా వేడితో అతికించాలి. తరవాత పైభాగం మధ్యలో ఒక ముక్క కత్తిరించి పారేయాలి. కత్తిరించిన చోటు నోరవుతుంది, మిగిలిన రెండు కొసలూ పిడులవుతాయి. కుట్టు లేదు, జిగురు లేదు, విడిగా అతికించిన పిడి అంతకన్నా లేదు. లోపం పట్టడానికి చోటే కనిపించని పనితనం ఇది.

కార్ల్ జీగ్లర్ 1953లో జర్మనీలో కనిపెట్టిన పద్ధతి వల్ల తక్కువ పీడనంలో తయారయ్యే గట్టిరకం పాలిథిన్ అప్పటికే వచ్చింది. దాంతో సంచిని చాలా పల్చగా ఊదొచ్చని తేలింది. 1982లో సేఫ్‌వే, క్రోగర్ వంటి అమెరికా దుకాణాలు కాగితం సంచులు వదిలి వీటివైపు తిరిగాయి. ఇప్పుడు మనం మాట్లాడుకుంటున్న సంచి పొర మందం సుమారు 12 నుంచి 15 మైక్రాన్లు. తలవెంట్రుకలో నాలుగోవంతు కూడా ఉండదు. మొత్తం బరువు 5, 6 గ్రాములు. అది పాలడబ్బాలూ గుడ్లూ పళ్లూ కలిపి కిలోలకొద్దీ మోస్తుంది.

తలనొప్పంతా ఆ పల్చదనంలోనే. కాగితం సంచికి ఈ చిక్కు లేదు. అడుగు చదునుగా ఉండే కాగితం సంచిని తయారుచేసే యంత్రానికి మార్గరెట్ నైట్ 1871లో పేటెంటు తీసుకుంది. ఆ ఆలోచన తనదేనని చెప్పి కాజేయబోయిన మగమనిషి మీద పేటెంటు వివాదంలో గెలిచి మరీ తీసుకుంది. 1883లో చార్లెస్ స్టిల్‌వెల్ పక్క మడతలున్న సంచి చేసే యంత్రం తెచ్చాడు. దాన్ని పట్టుకుని ఒక్కసారి విదిలిస్తే చాలు, తెరుచుకుని బల్ల మీద తనంతట తాను నిలబడేది. ఆ సంచుల్ని ‘తానే తెరుచుకునేవి’ అనే పేరుతోనే అమ్మారు. అయితే అక్కడ సంచిని తెరిచేది కాగితంలోని బిగువు. మడిచిన కాగితం మళ్లీ విచ్చుకోవాలని చూస్తుంది. 12 మైక్రాన్ల ప్లాస్టిక్ పొరకు అలాంటి కోరికేమీ లేదు. ఎలా పడేస్తే అలా పడుంటుంది.

పడుండటమే కాదు, అంటుకుంటుంది కూడా. రెండు నున్నటి పొరల్ని దగ్గరగా నొక్కితే మధ్యలో గాలి మిగలదు. రోలర్ల మీద పరుగెత్తి వచ్చిన పొరల్లో స్థిరవిద్యుత్తు ఉంటుంది. వేడి, బరువు, కాలం – మూడూ కలిస్తే పొరలు ఒకదాన్నొకటి మరింత గట్టిగా పట్టుకుంటాయి. ఫిల్మ్ తయారుచేసేవాళ్లు దీన్ని బ్లాకింగ్ అంటారు. వాళ్లకు ఇది శత్రువు. దీన్ని తప్పించడానికి కరిగిన ప్లాస్టిక్‌లో సిలికా పొడో టాల్కో కలుపుతారు. ఆ రేణువులు పైకి పొడుచుకొచ్చి పొరకీ పొరకీ మధ్య సన్నటి ఎడం ఉంచుతాయి. జారుడు గుణం కోసం కొవ్వు జాతి పదార్థాలూ కలుపుతారు.

ఇక్కడే నాకు బాగా నచ్చిన మలుపు. సంచి తానే తెరుచుకోవాలంటే పొరలు అస్సలు అంటుకోకూడదు కదా అనిపిస్తుంది. కాదు. అస్సలు అంటుకోకపోతే ముందు సంచిని లాగినప్పుడు వెనక సంచికి కబురే అందదు. సంచికీ సంచికీ మధ్య అంటుకోవాలి, ఒకే సంచి రెండు గోడల మధ్య అంటుకోకూడదు. బయటి ముఖాలకు బంధుత్వం ఉండాలి, లోపలి ముఖాలకు ఉండకూడదు. రెండూ ఒకే పొరకు అటూ ఇటూ ఉన్న ముఖాలే, ఒకే ప్లాస్టిక్! శత్రువును పూర్తిగా తరిమేయకుండా ఒకవైపు మాత్రం కొలువిచ్చి కూర్చోబెట్టాలన్నమాట.

మొదట్లో సంచికీ సంచికీ మధ్య చుక్క జిగురు పెట్టే పద్ధతులు నడిచాయి. పని జరుగుతుంది గానీ జిగురు కొనాలి, చుక్క సరిగ్గా పడాలి, ఎక్కువైతే పీకేటప్పుడు సంచి చిరుగుతుంది. పైగా సంచి మీద మిగిలిపోయిన జిగురు దేనికి అంటుకుంటుందో చెప్పలేం. చుట్టుతిరుగుడు పరిష్కారం అది. అసలు పరిష్కారం ప్రింటింగు వైపు నుంచి వచ్చింది.

పాలిథిన్ మీద సిరా నిలవదు. నీటిబొట్టు వేస్తే పరుచుకోకుండా పూసలా నిలుస్తుంది. 1950ల మొదట్లో డెన్మార్క్ ఇంజినీరు వెర్నర్ ఐస్‌బీ దీనికి ఉపాయం కనిపెట్టాడు. రోలర్ మీదుగా ఫిల్మ్ పోతుంటే దానికి కాస్త ఎడంగా వేల వోల్టుల ఎలక్ట్రోడ్ ఉంచుతారు. మధ్యలోని గాలి ఊదారంగులో మెరుస్తూ చిటపటలాడుతుంది. ఆ తాకిడికి గాలిలోని ఆక్సిజన్ వెళ్లి ప్లాస్టిక్ పైపైనున్న కార్బన్ గొలుసులకు అతుక్కుంటుంది. అప్పుడా ముఖం సిరాను పట్టుకుంటుంది. దీని పేరు కరోనా ట్రీట్‌మెంట్. జబ్బుతో సంబంధం లేదు, జబ్బు కన్నా చాలా ముందుదీ పేరు. ఎంత పట్టు వచ్చిందో డైన్లలో కొలుస్తారు. మామూలు పాలిథిన్‌ది 31 దగ్గర ఉంటుంది, సిరా పట్టాలంటే 38 నుంచి 42 దాకా తేవాలి. కొలిచే తీరూ ముచ్చటైనదే. ఒక్కో అంకెకు ఒక్కో ద్రవం నింపిన పెన్నులుంటాయి, వాటితో ఫిల్మ్ మీద గీత గీస్తారు. గీత గీతగానే నిలిస్తే ఆ అంకె అందినట్టు, చుక్కలుగా విరిగిపోతే అందనట్టు.

సంచి చేసే ఫిల్మ్ గొట్టం కదా. చదునైన గొట్టం ఎలక్ట్రోడ్ల కింద నుంచి పోతుంటే దెబ్బ తగిలేది బయటి ముఖాలకే. లోపలి ముఖాలకు ఆ సంగతే తెలియదు. అంటే మనం కోరుకున్న ఆ తేడా, బయటికొక గుణం లోపలికొక గుణం, ప్రింటింగు కోసం ఎప్పటినుంచో ఫ్యాక్టరీలో ఉచితంగా దొరుకుతూనే ఉంది. ట్రీట్‌మెంట్ మోతాదు మించితే రోల్‌లో పొరలు అంటుకుపోతాయని ప్రింటింగువాళ్లకు తెలుసు. వాళ్లు దాన్ని లోపంగా చూశారు. అదే లోపాన్ని పనిముట్టుగా చూసినవాళ్లు సంచి రూపకర్తలు.

దక్షిణ కెరొలైనాలోని హార్ట్స్‌విల్‌కు చెందిన సోనోకో కంపెనీకి 1994లో వచ్చిన పేటెంటు సారం ఇదే. బయటి ముఖాలకు కరోనా ఇచ్చిన సంచుల్ని కట్టగా పేర్చి, నోటి దగ్గర కొన్ని చిన్న చోట్ల గట్టిగా నొక్కితే చాలు. అక్కడ ఒక సంచి వెనక గోడ తరవాతి సంచి ముందు గోడకు తేలిగ్గా అంటుకుంటుంది. అదే ఒత్తిడి లోపలి ముఖాల మీదా పడుతుంది గానీ వాటికి కరోనా తగల్లేదు కాబట్టి అవి విడిగానే ఉంటాయి. జిగురు అక్కర్లేకుండా ఒక్క నొక్కుతో పని అయిపోయింది.

ఇప్పుడు ఆ అరక్షణాన్ని నెమ్మదిగా చూద్దాం. కట్ట మూడు చోట్ల వేలాడుతుంది. రెండు పిడుల్లోని రంధ్రాల గుండా రెండు కమ్మీలు, నోటి మధ్యనున్న చిన్న నాలుకలాంటి ట్యాబ్‌కి ఒక కొక్కెం. రోజుకో కాగితం చింపే క్యాలెండర్‌లో మేకుకు మిగిలే అట్టముక్క లాంటిదే ఈ ట్యాబ్. సంచులు పోయినా కొక్కేనికే ఉండిపోతుంది. ట్యాబ్‌కీ సంచికీ మధ్య ముందే గాట్లు పెట్టి, సన్నటి తంతువుల్లాంటి ఆధారాలు మాత్రం వదులుతారు.

మొదటి సంచిని ముందుకు లాగారు. దాని వెనక గోడ కూడా బయల్దేరింది. ఆ గోడకు అంటుకునున్న రెండో సంచి ముందు గోడ వెంట వస్తుంది, రావాలంటే ట్యాబ్ నుంచి తెగాలి. తెగుతుంది. పిడుల ముందు పొరలు కమ్మీల మీద జారుతూ ముందుకొస్తాయి. రెండో సంచి వెనక గోడ మాత్రం ఇంకా ట్యాబ్‌నే పట్టుకునుంది. ముందు గోడ వచ్చింది, వెనక గోడ ఆగింది, మధ్యలో నోరు తెరుచుకుంది. ఇక మొదటి సంచి పిడులు కమ్మీల కొసలు దాటగానే ఆ నొక్కు చుక్కల పట్టు వీడిపోతుంది. మొదటిది కస్టమర్ చేతికి, రెండోది కమ్మీల మీద తెరుచుకుని నింపడానికి సిద్ధం.

మొత్తం కథ బలాల వరుసలో ఉంది. లోపలి గోడలు ఒకదాన్నొకటి పట్టుకునే బలం అన్నిటికన్నా తక్కువ ఉండాలి. ముందు గోడను ట్యాబ్‌కి కట్టిన తంతువు, సంచుల మధ్య అతుకు కన్నా ముందే ఓడిపోవాలి. ఆ అతుకు మళ్లీ వెనక గోడ తంతువు కన్నా, ప్లాస్టిక్ చిరిగే బలం కన్నా బాగా తక్కువ ఉండాలి. ఎక్కడ వరుస తప్పినా ఫలితం కౌంటరు దగ్గర కనిపిస్తుంది. అతుకు బలహీనమైతే వెనక సంచి తెరుచుకోదు. ఎక్కువైతే రెండు మూడు సంచులు కలిసి ఊడొస్తాయి. చుక్క నోటికి మరీ కిందుగా పడితే పొట్ట లాగుతుంది గానీ నోరు తెరుచుకోదు. వరుస నిలబెట్టడం కూడా అంత సులువు కాదు. కరోనా ప్రభావం రోజులు గడిచేకొద్దీ తగ్గుతుంది. జారుడు కోసం కలిపిన పదార్థం మెల్లగా పైకి తేలి పట్టును ఇంకాస్త తగ్గిస్తుంది. గోడౌన్ వేడిలో బరువు కింద నలిగిన కట్టలో అక్కర్లేని పట్టు పెరుగుతుంది. ఎదురెదురుగా లాగే ఇన్ని మార్పుల మధ్య ఒక పైసా వస్తువు ఏ ఊరి కౌంటరులోనైనా ఒకేలా నోరు తెరుస్తోందంటే, వాచీ చేసేవాళ్లకు ఇచ్చే గౌరవం వీళ్లకూ ఇవ్వాలి.

గాలితో తెరిచే పద్ధతులు వేరే ఉన్నాయి. బ్రెడ్ కంపెనీల్లో సంచి ఒక గోడను కాస్త పొడుగ్గా ఉంచి, తీగలకు గుచ్చి, గాలి ఊది తెరుస్తారు. అవి యంత్రం పక్కన చేసే పనులు. కౌంటరు దగ్గర కంప్రెసర్ పెట్టలేరు కాబట్టి సంచే తన యంత్రం తాను మోసుకు తిరగాల్సి వచ్చింది.

మన దగ్గర ఈ సంచి పెద్దగా కనిపించకపోవడానికి చట్టం ఒక కారణం. 1999 నిబంధనలే క్యారీ బ్యాగ్ మందం కనీసం 20 మైక్రాన్లు ఉండాలన్నాయి. అది 2011లో 40, 2016లో 50 అయింది. 2021 సెప్టెంబరు 30 నుంచి 75, 2022 చివరి రోజు నుంచి 120. 12 మైక్రాన్ల సంచికి ఇందులో చోటెక్కడ? అమెరికాలోనూ కాలిఫోర్నియా 2014లో చట్టం చేసింది, 2016లో ఓటర్లు దాన్ని నిలబెట్టారు. న్యూయార్క్ 2020లో నిషేధించింది. కాలవల్లో, ఆవుల కడుపుల్లో ఈ కవర్లు చేస్తున్నది చూశాక ఆ నిషేధాలతో నాకు పేచీ లేదు. విచిత్రమేమంటే, మందం పెరిగితే పొరకు సొంత బిగువు వస్తుంది, ఇంత తంత్రం అక్కర్లేకుండా పోతుంది. వాడే ప్లాస్టిక్‌ను తగ్గించుకుంటూ పోయిన క్రమంలో పుట్టిన విద్య ఇది, ఇప్పుడు చట్టమే మందం పెంచమంటోంది.

ఈ పద్ధతిలో పూడ్చలేని లోటు ఒక్కటుంది. ప్రతి సంచినీ దాని ముందు సంచే తెరవాలి గనక, కొత్త కట్ట తగిలించినప్పుడు మొదటిదాన్ని తెరిచేవాళ్లుండరు. పాత కట్ట అయిపోకముందే కొత్తది వెనక తగిలించినా లాభం లేదు. నొక్కు పడింది కట్టలో ఉన్న సంచుల మధ్యే, కట్టకూ కట్టకూ మధ్య కాదు. ఆ ఒక్కదాన్నీ క్యాషియరే తెరుచుకోవాలి. కట్టకు 100 సంచులుంటే మిగతా 99 వాటి సంగతి అవే చూసుకుంటాయి.