కెర్నెల్ తన గోడు రాసుకునే చోట

లినక్స్ కెర్నెల్‌లో ప్రింట్‌కె అని ఒక ఫంక్షన్ ఉంది. లోపల ఏం జరుగుతోందో ఒక లైను రాసిపెట్టడమే దాని పని. దాని మీద ఉన్న షరతు కూడా ఒక్కటే: కెర్నెల్‌లో ఏ మూలనుంచి, ఎంత గడ్డు సమయంలో పిలిచినా పలకాలి. వినడానికి ఇంతే. ఈ ఒక్క షరతు నిలబెట్టడానికి ఎంతో నేర్పు గల మనుషులు ఏళ్లకేళ్లు కష్టపడ్డారు. కెర్నెల్ మొత్తంలో నాకు ఎక్కువ గౌరవం ఉన్నది ఈ లాగ్ రాసే కోడ్ మీదే. దీన్ని చిల్లర పనిగా చూసేవాళ్లతో నాకు పొత్తు కుదరదు. మెషిన్ పడిపోయాక మన చేతికి దొరికేది ఆ చివరి నాలుగు లైన్లే కదా.

దివిటిపల్లి ఐటీ టవర్ వచ్చాక మహబూబ్‌నగర్‌లో ఇలాంటి సంగతులు అడిగే పిల్లలు తారసపడుతున్నారు. వాళ్లలో ఒకబ్బాయి షెడ్యూలర్ (ఏ పని ఎప్పుడు నడవాలో తేల్చే కోడ్) ఎలా నడుస్తుందో చూద్దామని దాని మధ్యలో ఒక ప్రింట్ లైను పెట్టాడు. “సార్, ఆ లైను తీసేస్తే మంచిగ నడుస్తుంది. పెడితే ఒక్కోసారి మొత్తం బిగుసుకపోతుంది. ఎర్రర్ కూడా వస్తలేదు” అన్నాడు. ఎర్రర్ ఎందుకు రావడం లేదో తెలిస్తే సమస్య సగం తెలిసినట్టే. ఎర్రర్ చెప్పాల్సిన నోరే అక్కడ పట్టేసింది.

లాక్ అంటే ఏమిటో మా జిల్లా వాళ్లకు రైలుతో చెప్పడం తేలిక. సికింద్రాబాద్ నుంచి మహబూబ్‌నగర్ దాకా 85 కిలోమీటర్ల డబుల్ లైను 2023 ఏప్రిల్‌లో జాతికి అంకితమైంది. అంతకుముందు క్రాసింగ్ కోసం ఏదో చిన్న స్టేషన్‌లో బండి ఆగి ఉండటం ఈ దారిలో తిరిగిన అందరికీ ఎరుకే. రెండు స్టేషన్ల మధ్య పట్టాల మీద ఒక్క బండే ఉండాలి, అది దాటేదాకా రెండోది ఆగాలి. కెర్నెల్‌లో లాక్ చేసేదీ అదే. ఒకే డేటా మీద ఇద్దరు ఒకేసారి చెయ్యి వేయకుండా ఒకరి తర్వాత ఒకరిని పంపుతుంది. ఎదురెదురుగా వచ్చిన ఇద్దరు చెరో లాక్ పట్టుకొని, అవతలివాడిది వదిలితేగానీ కదలలేని స్థితిలో పడితే అది డెడ్‌లాక్. తప్పించుకోవడానికి పాత ఉపాయం, అందరూ లాకులను ఒకే వరసలో తీసుకోవడం. ఆ వరస ఎక్కడ తప్పుతోందో డెడ్‌లాక్ నిజంగా పడకముందే పట్టిచ్చే లాక్‌డెప్‌ను ఇంగో మోల్నార్ 2006లో కెర్నెల్‌లో చేర్చారు. అది తప్పు పట్టగానే ముందు తన తనిఖీ ఆపేసుకొని, ఆ తర్వాతే దాన్ని లాగ్‌లో రాస్తుంది. ఆ మాత్రం ముందుచూపు లేకపోతే ఆ రాతలోనే తాను ఇరుక్కోవచ్చు.

లాగ్ రాతకు మాత్రం ఇలాంటి వరస పెట్టలేం. పిలిచినవాడు అప్పటికే ఏయే లాకులు పట్టుకొని ఉన్నాడో ప్రింట్‌కెకు తెలియదు. ఆ అబ్బాయి లైను పెట్టిన చోట షెడ్యూలర్ తన రన్‌క్యూ లాక్ పట్టుకొని ఉంటుంది. ప్రింట్‌కె ఆ లైనును బఫర్‌లో వేసి, కన్సోల్ ఖాళీగా దొరికితే తానే తెర మీదికో సీరియల్ పోర్టులోకో పంపుతుంది. పంపాక కన్సోల్‌ను వదిలేటప్పుడు, దాని కోసం ఎవరైనా నిద్రలో ఎదురుచూస్తుంటే లేపాలి. లేపడానికి రన్‌క్యూ లాక్ కావాలి. అది మన చేతిలోనే ఉంది. తన దగ్గరున్నదాని కోసం తానే ఎదురుచూస్తూ సీపీయూ అక్కడే తిరుగుతుంటుంది. ఎదురుచూసేవాళ్లెవరూ లేని రోజు అంతా సాఫీగా సాగిపోతుంది. ఒక్కోసారి మాత్రమే బిగుసుకుపోవడానికి కారణం అదే.

ఇలాంటి చోట్ల కోసం 2012లో పీటర్ జిల్‌స్ట్రా వేరే ఫంక్షన్ తెచ్చారు. లైను రాసి పెట్టి, పంపే పనిని తర్వాతికి వదిలేస్తుంది. ఇప్పుడు దాని పేరు ప్రింట్‌కె డిఫర్డ్. పిల్లలకు నేను చెప్పేది మాత్రం, షెడ్యూలర్ లోపల చూడాలంటే ట్రేస్ ప్రింట్‌కె వాడమని. అది కన్సోల్ జోలికే పోదు.

ఇంతకన్నా మొండిది ఎన్ఎంఐ. ఇంటరప్టులన్నీ ఆపేసినా ఆగకుండా వచ్చే ఇంటరప్ట్ అది. ఒక సీపీయూ లాగ్ బఫర్ లాక్ పట్టుకొని సగం లైను రాస్తుండగా ఎన్ఎంఐ వచ్చిపడి, అదీ ప్రింట్‌కెను పిలిచిందనుకోండి. లాక్ వదలాల్సిన కోడ్ మధ్యలో ఆగి ఉంది. కొత్తగా వచ్చింది ఆ లాక్ కోసమే తిరుగుతోంది. 2016లో పెట్ర్ మ్లాదెక్ ఎన్ఎంఐ రాతల కోసం ప్రతి సీపీయూకూ విడిగా ఒక చిన్న బఫర్ ఇచ్చారు. ప్రింట్‌కె తనలోకి తానే మళ్లీ వచ్చిపడే సందర్భాలకు కూడా ఆ ఏర్పాటును 2017లో సెర్గేయ్ సెనోజాత్‌స్కీ విస్తరించారు. అయినా అప్పటికి అసలు లాక్ అలాగే ఉంది. మెషిన్ కూలుతున్న వేళ ఆ చిన్న బఫర్లలోని లైన్లు బయటికి రాకుండానే పోయే ప్రమాదమూ ఉండేది.

లాకే లేని రింగ్ బఫర్‌ను జాన్ ఓగ్నెస్ రాశారు. 2020 డిసెంబరులో 5.10 వెర్షన్‌తో అది వచ్చింది. రాయవచ్చినవాడు ముందు తనకు సరిపడా చోటు పట్టుకుంటాడు, అందులో రాసుకుంటాడు, అయిపోయిందని గుర్తు పెడతాడు. మధ్యలో ఎన్ఎంఐ వస్తే ఆ తర్వాతి చోటు పట్టుకొని తన లైను రాసుకొని పోతుంది. ఎవరూ ఎవరికోసమూ ఆగరు. చదివేవాడు ఆ గుర్తు పెట్టని లైనును ముట్టుకోడు. ఇదంతా అటామిక్ ఆపరేషన్ల మీద నడుస్తుంది. ఏ సీపీయూకు ఏ రాత ఏ వరసలో కనబడాలో ఆ రింగ్ బఫర్ కోడ్ ఉన్న ఫైల్‌లో ఒక్కొక్క అడుగుకూ కామెంట్ ఉంది. కెర్నెల్ నేర్చుకునేవాళ్లు ఆ కామెంట్లే ఓపికగా చదివితే ఒక సెమిస్టర్ చదువు చదివినట్టు. 2021లో పాత లాక్‌ను పూర్తిగా తీసేశారు.

రాయడం కుదిరింది. పంపడం మిగిలింది. 115200 బాడ్ సీరియల్ పోర్టులో సెకనుకు 11,520 అక్షరాలే పోతాయి, 80 అక్షరాల లైనుకు దాదాపు 7 మిల్లీసెకన్లు. అంతసేపట్లో సీపీయూ లక్షల సూచనలు నడిపేస్తుంది. పెద్ద సర్వర్‌లో పంపే పని నెత్తినపడ్డ సీపీయూ తన ఒక్క లైనుతో బయటపడలేదు, మిగతా సీపీయూలు రాసినవీ తానే పంపుతూ కూర్చోవాలి. అలా 20 సెకన్లు దాటితే ‘సాఫ్ట్ లాకప్’ అని కాపలా కోడ్ మరికొన్ని లైన్లు రాస్తుంది. అవీ ఈ సీపీయూ నెత్తినే పడతాయి. వేరే సీపీయూ వస్తే పని దాని చేతికి అప్పగించే పద్ధతిని స్టీవెన్ రోస్టెడ్ 2018లో తెచ్చారు. భారం పంచుకోవడానికి అది పనికొచ్చింది గానీ, సకాలంలో స్పందించి తీరాల్సిన రియల్ టైమ్ మెషిన్లకు సరిపోలేదు. దాదాపు ఇరవై ఏళ్లు విడి ప్యాచ్‌లుగా పెరిగిన రియల్ టైమ్ లినక్స్ 2024 సెప్టెంబరులో ప్రధాన కెర్నెల్‌లో చేరింది. చివరిదాకా దానికి అడ్డం నిలిచిన వాటిలో ప్రింట్‌కె ఒకటి.

రియల్ టైమ్ చేరిన ఆ 6.12 వెర్షన్‌లోనే, కొత్త రకం కన్సోళ్లు పంపే పనిని సొంత థ్రెడ్‌కు అప్పగించే ఏర్పాటు వచ్చింది. కన్సోల్ ఎవరి చేతిలో ఉండాలన్నదానికి మూడు మెట్లు పెట్టారు: మామూలు, అత్యవసరం, పానిక్ (కెర్నెల్ కూలిపోతున్న స్థితి). పై మెట్టువాడు కిందివాడి చేతిలోంచి తీసుకోవచ్చు. పానిక్‌లో మిగతా సీపీయూలను ఆపేస్తారు. వాటిలో ఏదైనా కన్సోల్ పట్టుకొని ఉండగానే ఆగిపోతే వదిలేవాళ్లంటూ ఉండరు. అందుకే తన కోడ్‌లో ఏ ముక్క మధ్యలో లాక్కుంటే ప్రమాదమో డ్రైవర్ ముందే గుర్తు పెట్టి ఉంచాలి. పానిక్ సీపీయూ మొదట భద్రమైన చోటే చెయ్యి వేస్తుంది. చేయాల్సినవన్నీ చేశాక, చిట్టచివర, ప్రమాదమైనా సరే లాక్కుని మిగిలిన లైన్లు పంపేస్తుంది. కూలిపోయే ముందు తన సంగతి చెప్పుకునే అవకాశం కెర్నెల్‌కు ఇవ్వాల్సిందేనని ఇంత పట్టుదలగా ఆలోచించిన మనుషులంటే నాకు ప్రేమ.

పని ఇంకా ఉంది. పాత పద్ధతి కన్సోల్ డ్రైవర్లు ఒక్కొక్కటిగా ఇందులోకి మారాలి. డ్రైవర్‌లో పంపే ఫంక్షన్లు రెండు రకాలు, థ్రెడ్ నుంచి పిలిచేది ఒకటి, ఎన్ఎంఐలోనైనా పిలవగలిగేది ఇంకొకటి. కష్టమంతా రెండోదానిలోనే. ఈ పనికి పెద్ద సర్వర్లేమీ అక్కర్లేదు. మామూలు ల్యాప్‌టాప్ మీద క్యూఎమ్యూ ఎమ్యులేటర్‌లో ఒక సీరియల్ పోర్టు పెట్టుకొని, లాక్‌డెప్ ఆన్ చేసి, మహబూబ్‌నగర్‌లో కూర్చునే మొదలుపెట్టొచ్చు.