బెన్నర్లీ ఇనుప వంతెన

పాత రైలు వంతెనల బొమ్మలు చూసేవాళ్లు ఎక్కువమంది రాతి కమానుల దగ్గరే ఆగిపోతారు. కమానులు వరసగా నిలబడితే కోట గోడలా ఉంటుంది మరి. ఇంగ్లండులోని బెన్నర్లీ వయాడక్టుకు ఆ అదృష్టం లేదు. ఎరివాష్ లోయ మీద 443 మీటర్ల పొడవున సన్నని ఇనుప కాళ్ల మీద నిలబడింది. దూరం నుంచి చూస్తే, ఇల్లు కట్టాక సారువ కర్రలు విప్పడం మరిచిపోయినట్టుంటుంది. నేను చూసింది ఫోటోల్లోనే. అయినా దానికే ఎక్కువ మార్కులు వేస్తాను.

1877లో గ్రేట్ నార్తర్న్ రైల్వే దీన్ని కట్టింది. అక్కడ నేల కింద బొగ్గు గనులు. నేల కుంగి ఒక రాతి స్తంభం కాస్త దిగినా రెండు పక్కల కమానులూ పగులుతాయి. అందుకే బరువు తగ్గించి, చేత ఇనుముతో 16 అంకణాలుగా కట్టారు.

మా కే.జి.ఎఫ్. వాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. రాక్ బర్స్ట్ వస్తే అటక మీద గిన్నెలు గలగలమనేవని మా తాతయ్య చెప్తారు. 2001లో గనులు మూసేశారు గనుక ఆ చప్పుడు మాకు తెలియదు. కానీ కింద గని ఉన్న నేలను నమ్మలేనివాడు ఎలా కడతాడో ఈ వంతెనలో కళ్లకు కనిపిస్తుంది.

దూలాల నిండా ఇనుప పట్టీలు ఇంటూ గుర్తుల్లా అల్లి ఉంటాయి. ఈ జాలీ అలంకారం కోసం పెట్టింది కాదు. బరువు మోయడానికి కావలసినంత ఇనుమే ఉంచి, మిగతాది ఖాళీ వదిలారు. ఆ ఖాళీల్లోంచి ఆకాశం కనిపిస్తుంది. అంకణాలన్నీ ఒకేలా ఉండటంతో నడుమ ఎక్కడో కన్ను విసుగుపడే మాట మాత్రం నిజమే.

1968లో ఆ దారిలో రైళ్లు ఆగిపోయాయి. తర్వాత పడగొట్టాలనుకున్నారు. గ్యాస్ మంటతో కోద్దామంటే చేత ఇనుము సులువుగా లొంగదు, రివెట్టు రివెట్టుగా విప్పాలంటే బోలెడు ఖర్చు. వద్దని జనమూ అడ్డుపడ్డారు. అలా బతికిపోయింది! మా ఊళ్లో మిగిలిన షాఫ్టు గోపురాలను చూసినా, పాత ఇనుము ఎంతకు పోతుందని అడిగేవాళ్లే గాని ఎలా నిలబడిందని అడిగేవాళ్లు తక్కువ.

2022 జనవరిలో బెన్నర్లీని నడిచేవాళ్లకు, సైకిళ్లకు తెరిచారు. పైన నడిస్తే లోయ బాగా కనిపిస్తుంది గాని జాలీ కనపడదు, అది కాళ్ల కిందే ఉంటుంది కదా. దాన్ని చూడాలంటే కిందికి దిగి, పొలాల్లోంచి తల ఎత్తాలి.