విలాపవాక్యాలలో నిరీక్షణ

క్రైస్తవుడు పాత నిబంధనను చదివేటప్పుడు ఒక తొందరకు లోనవుతాడు. కథ ఎక్కడ ముగుస్తుందో తనకు ముందే తెలుసునన్న ధీమా అతనిది. హీబ్రూ కవి ఇంకా ఏడుస్తూ ఉండగానే ఇతడు ఓదార్పు వెదుక్కుంటాడు. ఈ తొందర విలాపవాక్యముల గ్రంథానికి చేసినంత అన్యాయం మరి దేనికీ చేయలేదని నా అభిప్రాయం. ఐదు అధ్యాయాల ఈ చిన్న కావ్యంలో సామాన్య పాఠకునికి తెలిసినవి మూడవ అధ్యాయం నడుమనున్న నాలుగైదు వచనాలే. 1923 నాటి ఒక ప్రసిద్ధ ఆంగ్ల కీర్తన వాటి భావాన్ని లోకమంతటా పాడించింది. వాటికి ముందేమున్నదో, వెనుకేమున్నదో విచారించేవారు అరుదు.

క్రీ. పూ. 587-86 ప్రాంతంలో బబులోను సేనలు యెరూషలేమును కూల్చి, దేవాలయాన్ని తగులబెట్టాయి. ఆ శిథిలాల నుండి పుట్టిన శోకమిది. సంప్రదాయం దీనిని యిర్మీయా ప్రవక్తకు ఆపాదించింది. ఆధునిక పండితులలో పెక్కుమంది అందుకు సమ్మతించరు. హీబ్రూలో దీని పేరు 'ఏఖా', అనగా 'ఎట్లా!' అన్న ఆర్తనాదం. రచనా శిల్పం మాత్రం ఆర్తనాదం వలె విశృంఖలమైనది కాదు. హీబ్రూ అక్షరాలు 22. ఒకటి, రెండు, నాలుగు అధ్యాయాలలో ఒక్కొక్క వచనం ఒక్కొక్క అక్షరంతో వరుసగా మొదలవుతుంది. మూడవ అధ్యాయంలో అక్షరానికి మూడేసి చొప్పున 66 వచనాలు. ఐదవ దానిలోనూ 22 వచనాలే ఉన్నవి గాని, అక్షరక్రమం లేదు. అంతులేని దుఃఖానికి కవి అక్షరాలతో గట్టు కట్టాడు. చివరకు ఆ గట్టు తెగింది. అక్షరమాలా స్తోత్రాలు ఎరిగిన మనకు ఈ నియమం కొత్త కాదు. అయితే అక్కడ అది స్తుతికి అలంకారం, ఇక్కడ ఏడుపుకు ఊతకోల. అనువాదంలో ఈ శిల్పమంతా జారిపోతుంది. పవిత్ర వారపు ఆరాధనలో లాటిను పాఠాన్ని గానం చేసేవారు ఆలెఫ్, బేత్ అని అక్షరాల పేర్లనే పాడుతూ వచ్చారు. 16వ శతాబ్దిలో థామస్ టాలిస్ ఆ పేర్లకే మనోహరమైన స్వరాలు కూర్చాడు. అర్థంలేని ఆ అక్షరనామాలే అక్కడ మూలానికి మిగిలిన జాడ.

ఇక మూడవ అధ్యాయం. 18వ వచనంలో కవి తన నిరీక్షణ నశించిందంటాడు. 21వ వచనంలో నిరీక్షిస్తున్నానంటాడు. రెండు చోట్లా ధాతువు ఒక్కటే, 'యాఖల్', అనగా కనిపెట్టుకొని ఉండడం. ఈ నడుమ జరిగినదేమిటి? దేవదూత దిగిరాలేదు, శత్రువు వెనుదిరగలేదు. తాను మింగిన చేదును తలచుకున్నాడు. పిమ్మట దైవకరుణ ప్రతి ఉదయమూ కొత్తదన్న పాత ఎరుకను మనసుకు మళ్ళీ రప్పించుకున్నాడు. అంతే! ఈ నిరీక్షణ పరిస్థితులు ప్రసాదించినది కాదు, వాటికి ఎదురు నిలిచినది.

తెలుగు బైబిలులో 'ఆశ', 'నిరీక్షణ' రెండూ కనబడుతాయి. నా మొగ్గు రెండవదాని వైపే. మన భాషలో ఆశకు పేరాశతో చుట్టరికమున్నది. వేదాంతులు దానిని పాశమన్నారు. విచిత్రమేమంటే, ఆశను సూచించే హీబ్రూ పదాలలో ఒకటైన 'తిక్వా'కు త్రాడు అనే అర్థమూ ఉన్నది. యెహోషువ గ్రంథంలో రాహాబు కిటికీకి కట్టిన ఎర్రని దారాన్ని ఈ మాటతోనే చెప్పారు. మన పాశం బంధిస్తుంది. ఆ త్రాడు ఒక కుటుంబాన్ని కాపాడింది. ఈ 'తిక్వా' విలాపవాక్యాలలో 29వ వచనంలో వస్తుంది, కాని దాని ముందు 'ఒకవేళ' అన్న మాట ఉన్నది. మట్టిలో నోరు ఆనించిన మనిషి ఉన్నదేమో అనుకొనే నిరీక్షణ అది. ప్రసంగాలలో ఈ 'ఒకవేళ' వినబడడం అరుదు. అనువాదకుడు కూడ విడిచిపెడితే అది కావ్యద్రోహమే.

విశ్వాసం సంగతీ ఇంతే. 'ఎమూనా' అంటే మొదట స్థిరత్వం. అమాలేకీయులతో యుద్ధంనాడు అహరోను, హూరు ఆదుకొనగా మోషే చేతులు ప్రొద్దు గుంకే వరకు కదలక నిలిచిన స్థితిని నిర్గమకాండం ఆ మాటతోనే చెప్పింది. 'ఆమేన్' కూడ ఆ ధాతువు నుండి వచ్చినదే. మూడవ అధ్యాయం 23వ వచనంలో కవి చెప్పే 'ఎమూనా' తనది కాదు, దేవునిది. తన చేతులు జారిపోయిన తరువాత మనిషి చెప్పవలసిన మాట అది.

ఆపైన కావ్యం శాంతించిందా? లేదు. 42వ వచనం నాటికే నీవు క్షమించలేదని దేవునితో నిష్ఠూరమాడుతున్నాడు. మరి రెండు వచనాలకు ప్రార్థన చొరలేని మేఘం అడ్డు వచ్చింది. గ్రంథమంతటా దేవుడు నేరుగా ఒక్క మాటయినా పలుకడు. చివరి వచనం తిరస్కార భయంతోనే ఆగిపోతుంది. ఆబ్ మాసం తొమ్మిదవనాడు దీనిని పఠించే యూదులు, ఆ భయంతో ముగించలేక, ఉపాంత్య వచనాన్ని మరల చదువుతారు. మూలాన్ని దిద్దకుండ గుండెను కుదుటపరచుకొనే ఈ పద్ధతిలోని సాహిత్య మర్యాద నాకు ఎంతో నచ్చుతుంది.

ఈ మర్యాద క్రైస్తవ సంప్రదాయం ఎల్లప్పుడూ పాటించలేదు. కూలిన యెరూషలేమును యూదుల దోషానికి సాక్ష్యంగా శతాబ్దాల తరబడి చూపింది. క్రీస్తు మరణ దోషాన్ని యూదులందరిపై మోపరాదని కథోలిక సభ 1965లో, రెండవ వాటికన్ మహాసభలో గాని ప్రకటించలేదు. ఇంత జరిగిన తరువాత ఈ గ్రంథంలో నిరీక్షణను వెదికే క్రైస్తవుడు, పరుల ఇంటి దుఃఖంలోకి వచ్చిన అతిథినన్న ఎరుకతో వినాలి. శుక్రవారపు సిలువకూ ఆదివారపు ఖాళీ సమాధికీ నడుమ ఒక శనివారమున్నదని అతని మతమే చెబుతున్నది. ఈ కావ్యం ఆ శనివారానికి తగినది.

క్రీస్తు కథకు తెలుగులో జాషువా 'క్రీస్తు చరిత్ర' ఉన్నది. 1964లో సాహిత్య అకాడమీ పురస్కారమూ పొందినది. ఈ హీబ్రూ శోకానికి కూడ, వచనంలో తాత్పర్యం చెప్పి ఊరుకొనక, మన వర్ణమాల నుండి 22 అక్షరాలు ఎన్నుకొని నాలుగు అధ్యాయాలూ నడిపించగల కవి కావాలి. ఐదవ అధ్యాయంలో ఆ క్రమాన్ని విడిచిపెట్టే ధైర్యమూ, చివరి వచనానికి ఓదార్పు అతికించని నిగ్రహమూ అతనికి ఉండాలి.