మళ్ళీ పుట్టిన 1895

లీవర్ రైఫిల్ అనగానే మనకు కౌబాయ్ సినిమాలే గుర్తొస్తాయి. 1971లో కృష్ణ గారి ‘మోసగాళ్ళకు మోసగాడు’ తెచ్చిన మోజు అది. కానీ ఆ సినిమాకు ఎంతో ముందే నిఖార్సయిన లీవర్ రైఫిల్ ఒకటి మన కొండల్లో తిరిగింది. బెంగళూరు వేటగాడు, రచయిత కెన్నెత్ ఆండర్సన్ (1910–1974) నమ్ముకున్న తుపాకి .405 వించెస్టర్, 1895 మోడల్. 1954లో అచ్చయిన ఆయన తొలి పుస్తకం ‘నైన్ మ్యాన్-ఈటర్స్ అండ్ వన్ రోగ్’లో శేషాచలం కొండల్లోని చామల లోయ పులి కథ ఉంది. మా మైపాడు సముద్రపు ఒడ్డున కూర్చుని చదివినా అది పరాయి అడవి అనిపించదు. రాపూరు దాటి వెలికొండలెక్కేవాళ్ళకు అవి పొరుగు కొండలే. ఇప్పుడు చామల శ్రీ వెంకటేశ్వర జాతీయ ఉద్యానవనంలో ఉంది, వేట కాలం ముగిసిపోయింది. నేను రాస్తున్నది వేట గురించి కాదు, ఆ తుపాకి పనితనం గురించి. దాన్ని జపాన్‌లో మళ్ళీ అంత శ్రద్ధగా ఎలా చేశారన్న దాని గురించి.

1895ను రూపొందించినవాడు అమెరికాలోని యూటా రాష్ట్రంవాడు, జాన్ మోజెస్ బ్రౌనింగ్. అంతకు ముందు వించెస్టర్ లీవర్ రైఫిళ్ళలో తూటాలు గొట్టం కిందున్న మరో గొట్టంలో ఒకదాని వెనక ఒకటి వరసగా ఉండేవి. అలా ఉన్నప్పుడు వెనక తూటా మొన ముందు తూటా క్యాప్‌కు ఆనుకుంటుంది. మొన సూదిగా ఉంటే, తుపాకి అదిరినప్పుడు లోపలే పేలిపోవచ్చు. అందుకే ఆ తుపాకులకు మొద్దు తల తూటాలే వాడాలి. బ్రౌనింగ్ తూటాలను ఒకదాని మీద ఒకటి పేర్చే పెట్టె మ్యాగజైన్‌ను లీవర్‌కు ముందు అమర్చాడు. దాంతో సూది మొన తూటాలకూ, బలమైన మందుకూ దారి తెరుచుకుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో రష్యా తన సైన్యం కోసం దాదాపు 2,93,000 తుపాకులు ఈ మోడల్‌లోనే చేయించుకుంది. 1909లో ఆఫ్రికా వేటకు వెళ్ళిన థియోడర్ రూజ్‌వెల్ట్ వెంట తీసుకెళ్ళింది కూడా ఇదే .405.

ఈ తుపాకిని జపాన్‌లో మళ్ళీ చేసింది మిరోకు సంస్థ. షికోకు ద్వీపంలో కోచి ప్రాంతపు నాన్‌కోకు పట్టణం దాని ఊరు. 1893లో పుట్టిన ఈ సంస్థ ఒకప్పుడు తిమింగలాల వేటకు వాడే తుపాకులు చేసేది. సముద్రం పక్కన బతికేవాడికి ఉక్కు అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. మా తీరంలో కిటికీ ఊచలకు రంగు ఒక్క ఏడాది మరిచిపోతే చాలు, ఉప్పుగాలి వాటిని పొరలు పొరలుగా తినేస్తుంది. 1960ల నుంచి బ్రౌనింగ్ సంస్థతో కలిసి పనిచేస్తున్న మిరోకు, 1984లో 1895 మోడల్‌ను తిరిగి తెచ్చింది. తర్వాత వించెస్టర్ పేరుతో .405 కూడా వచ్చింది.

అమెరికాలో మా బంధువుల ఇంట్లో అలాంటి .405 ఒకటి ఖాళీగా చేతికిచ్చి చూడమన్నారు. ముందు కళ్ళు ఆగింది చెక్కా ఉక్కూ కలిసేచోట. భుజానికి ఆనే వాల్‌నట్ మడమ, యంత్రమంతా ఇమిడి ఉండే ఉక్కు రిసీవర్ వెనక అంచును పట్టుకున్నచోట గోరు కూడా దూరదు. చెక్క ఎక్కడా పైకి ఉబికి లేదు, లోపలికి కుంగి లేదు. చవక తుపాకుల్లో చెక్కను కావాలనే కాస్త ఎత్తుగా వదిలేస్తారు, పని తొందరగా తెమిలిపోతుందని. ఇక్కడ ఆ తొందర లేదు. ముందు చెక్క కొస దగ్గర చిన్న పెదవిలా వంపు తిరుగుతుంది. ఆ వంపు ఏమాత్రం మందమైనా అందం చెడుతుంది, పలచబడితే విరుగుతుంది. దాన్ని తీర్చిన చేతికి ఆ కొలత బాగా తెలుసు.

తర్వాత లీవర్ కిందికి లాగాను. ఈ తుపాకి గొప్పతనం కనబడేది అప్పుడే. లీవర్ దిగుతున్న కొద్దీ బోల్టు వెనకున్న తాళపు దిమ్మ నిటారుగా కిందికి జారి దారి వదులుతుంది. దారి దొరికాక బోల్టు రిసీవర్ వెనక నుంచి బయటికి పొడుచుకొచ్చి హ్యామర్‌ను వెనక్కి నెట్టి ఎక్కుపెడుతుంది. ఒక పని పూర్తయ్యాకే ఇంకొకటి మొదలవుతుంది. లీవర్ పైకి లేపితే అంతా తిరిగి అదే వరసలో వెనక్కి నడిచి, చివరి అంగుళంలో దిమ్మ పైకొచ్చి బోల్టు వెనక గట్టిగా నిలుస్తుంది. .405 తూటా బరువు 300 గ్రెయిన్లు, అంటే 19 గ్రాములకు పైన. అది సెకనుకు 2,200 అడుగుల వేగంతో వెళ్ళేటప్పుడు వెనక్కి తన్నే దెబ్బంతా ఆ దిమ్మ మీదే పడుతుంది. పాత 1895ల్లో .30-06 రకం తుపాకులు ఏళ్ళ తరబడి కాల్చాక ఈ తాళం దగ్గర వదులయ్యేవని పేరుపడ్డాయి. కొత్త ఉక్కు ఆ లోటు తీర్చింది. కదలిక మాత్రం బ్రౌనింగ్ గీసినదే, అందులో వేలు పెట్టలేదు. నకలు చేసేవాడికి అసలైన పరీక్ష ఇదేనని నా నమ్మకం: దేన్ని మార్చాలో తెలియడం కంటే దేన్ని ముట్టుకోకూడదో తెలియడం కష్టం.

ఒక్కచోట నా మనసు ఒప్పలేదు. వించెస్టర్ పేరుతో వచ్చిన వాటికి మడమ మొదట్లో, బొటనవేలు ఆనేచోట, జారే సేఫ్టీ బొత్తం పెట్టారు. పాతవాటిలో హ్యామర్‌ను సగం ఎత్తి ఆపడమే భద్రత. 1984 నాటి తుపాకులు కూడా అలాగే ఉన్నాయి. ఈ కాలపు చట్టాలూ కోర్టులూ తెలుసు కాబట్టి ఆ బొత్తం ఎందుకు వచ్చిందో అర్థమవుతుంది. అయినా అంత శుభ్రమైన గీత మీద అది అతుకులాగే ఉంది. ఎంచుకోమంటే నేను 1984 నాటిదే ఎంచుకుంటాను.

తుపాకి ఒక్కటి చేస్తే సరిపోదు, దానికి తూటా కావాలి. .405 తూటాల తయారీ ఎప్పుడో ఆగిపోయింది. పాతవి దాచుకున్నవాళ్ళు వాటిని కాల్చడానికి కూడా జంకేవాళ్ళు. కొత్త రైఫిల్ వచ్చాక అమెరికాలోని హోర్నడీ సంస్థ అదే 300 గ్రెయిన్ల బరువుతో .405 తూటాలు మళ్ళీ చేయడం మొదలుపెట్టింది. అలా జపాన్‌లో చేసిన నకలు వల్ల, ఎక్కడెక్కడో బీరువాల్లో పడి ఉన్న వందేళ్ళ నాటి అసలు .405లకు కూడా తిండి దొరికింది.