'మళ్లీ అదే కథ' అన్నంత మాత్రాన

పి.జి. వుడ్‌హౌస్ రాసిన 'మచ్ ఆబ్లైజ్డ్, జీవ్స్' నవల ఇంగ్లండులో 1971 అక్టోబరు 15న విడుదలైంది. సరిగ్గా ఆ రోజుతో ఆయనకు తొంభై ఏళ్లు నిండాయి. చిక్కుల్లో పడడం తప్ప వేరే పని లేని బెర్టీ వూస్టర్, ఆ చిక్కులన్నీ విప్పే అతని నౌకరు జీవ్స్ అప్పటికే యాభై ఏళ్లకు పైగా పాఠకులకు తెలిసినవాళ్లు. ఈ నవల చదివినవాళ్ల అభిప్రాయాలు చాలావరకు రెండు మాటల దగ్గర ఆగిపోతాయి. హాయిగా నవ్వుకున్నామన్నది ఒకటి, మళ్లీ అదే కథ అన్నది రెండోది. తరచుగా ఈ రెండూ ఒకే పాఠకుడి నోటి నుంచే వస్తాయి. పుస్తకం పూర్తయ్యేదాకా నవ్వానని ఒప్పుకున్నవాళ్లే, కొత్తదనం లేదంటూ చివర్లో మార్కులు తగ్గిస్తారు. నాకు ఆ రెండో మాటతోనే పేచీ. 'అదే కథ' అంటే పుస్తకం ఎలా ఉందో చెప్పినట్టే గానీ, బాగుందో లేదో తేల్చినట్టు కాదు. ఎప్పటినుంచో సాగుతున్న హాస్య నవలల వరసలో ఒక పుస్తకాన్ని తూచాలంటే పాత సరుకు ఎంత ఉందని లెక్కపెట్టి లాభం లేదు. ఆ పాత సరుకుతో రచయిత ఈసారి ఏం చేయించాడన్నది చూడాలి.

అదే కథన్న మాట అబద్ధమేమీ కాదు. బెర్టీ మేనత్త డాలియా ఇల్లు, ఆ ఇంట్లో అతిథులు, తప్పుడు మనిషితో కుదిరిన పెళ్లి, చేతులు మారే ఒక వెండి వస్తువు, ఆఖర్న జీవ్స్ విప్పే ముడి, అన్నీ ఎప్పటివే. 1938 నాటి 'ది కోడ్ ఆఫ్ ది వూస్టర్స్'లో ఆ వెండి వస్తువు ఆవు ఆకారంలో ఉన్న పాలగిన్నె, 1971లో మరో రకం గిన్నె. పైగా ఈ ఫిర్యాదు వుడ్‌హౌస్‌కు కొత్త కూడా కాదు. పాత మనుషులకే కొత్త పేర్లు పెట్టి దింపుతున్నాడని ఒక విమర్శకుడు అన్నందుకు జవాబుగా, ఈసారి పాత మనుషుల్ని పాత పేర్లతోనే దింపానని 1929లో 'సమ్మర్ లైట్నింగ్' ముందుమాటలో రాసుకున్నాడు. ఒక నవల మొదలుపెట్టే ముందు నాలుగు వందల పేజీల దాకా నోట్సు రాసుకునే మనిషి ఆయన. అంత కష్టం చేసేవాడు తెలియక ఒకే దారిలో నడిచాడని అనుకోవడానికి వీల్లేదు. మన పద్యనాటకాల్లో పడకసీను చూడడానికి వచ్చిన జనానికి శ్రీకృష్ణుడు ఎవరివైపు నిలుస్తాడో ముందే తెలుసు. అయినా కదలకుండా కూర్చుని, ఆ పద్యం ఈ నటుడి గొంతులో ఎలా పలుకుతుందోనని ఎదురు చూసి, నచ్చితే వన్స్ మోర్ అంటారు. ఆ జనాన్ని కొత్తదనం తెలియని అమాయకులని ఎవరూ అనరు. అక్కడ చెవులు ఎంత పదునుగా ఉంటాయో ఒక్క అక్షరం తప్పిన నటుడిని అడిగితే చెబుతాడు.

ఇక పుస్తకంలోకే వెళ్దాం. జీవ్స్ లాంటి నౌకర్లందరికీ లండన్‌లో జూనియర్ గానిమీడ్ అనే క్లబ్బు ఉంటుంది. సభ్యుడైన ప్రతివాడూ తన యజమాని గుట్టుమట్లు, తిక్కలు అక్కడి పుస్తకంలో రాయాలన్నది దాని నియమం. 1938 నవలలో ఆ పుస్తకమే బెర్టీని కాపాడుతుంది. రోడరిక్ స్పోడ్ అనే భారీకాయుడు, నల్ల నిక్కర్లు తొడిగిన దండును వెంటేసుకుని ఇంగ్లండుకు నియంత కావాలని కలలు కనేవాడు, బెర్టీ ఎముకలు విరుస్తానని బెదిరిస్తుంటాడు. చొక్కాల్లో రంగులన్నీ అప్పటికే మిగతా పార్టీలు పంచేసుకున్నాయి గనక ఇతనికి నిక్కర్లే మిగిలాయట. ఆనాడు లండన్ వీధుల్లో నల్ల చొక్కాలతో కవాతు చేయించిన ఆస్వాల్డ్ మోస్లీ మీద వేసిన దెబ్బ అది. అంతటి స్పోడ్ రహస్యంగా ఆడవాళ్ల లోదుస్తులు డిజైన్ చేస్తాడన్న సంగతి జీవ్స్‌కు క్లబ్బు పుస్తకంలోనే దొరుకుతుంది. బెర్టీ ఆ లోదుస్తుల దుకాణం పేరు పలకగానే స్పోడ్ నీరుగారిపోతాడు. ముప్పై మూడేళ్ల తర్వాత 1971లో అదే పుస్తకం మళ్లీ వస్తుంది, కానీ ఈసారి బెర్టీ ప్రాణం మీదికి వస్తుంది. అతని గురించే అందులో పద్దెనిమిది పేజీలున్నాయి. పూర్వం కొన్నాళ్లు అతని దగ్గరే పనిచేసిన బింగ్లీ ఆ పుస్తకాన్ని కొట్టేస్తాడు. డాలియా ఉండే ఊళ్లో ఉప ఎన్నికకు నిలబడ్డ బెర్టీ స్నేహితుడి గతం కూడా అందులోనే ఉంది. ఒకప్పుడు ఆయుధంగా వాడిన వస్తువు ఇప్పుడు శత్రువు చేతిలో ఉందన్నమాట. మొదటి నవల చదివి రెండోది చేతపట్టినవాళ్లకు ఇది అదే కథలా తోచినా, లోపల మెలిక తిరిగింది. ఇతరుల గుట్టుతో తప్పించుకున్నవాడికి ఆ పుస్తకంలోనే ఉన్న తన గుట్టు ముప్పుగా మారడానికి మూడు దశాబ్దాలు పట్టింది.

స్పోడ్ సంగతి ఇంకా బాగుంటుంది. 1971 నాటికి అతను లార్డ్ సిడ్‌కప్. ఆ ఉప ఎన్నిక ప్రచారంలో తన ఉపన్యాసాలకు వస్తున్న చప్పట్లు చూసి మురిసిపోయి, బిరుదు వదులుకుని కామన్స్ సభకు పోటీ చేస్తానంటాడు. బిరుదున్న మొగుడు కావాలనుకున్న అతని కాబోయే భార్య మడలిన్ బాసెట్ అతన్ని వదిలి బెర్టీ వైపు చూడడం మొదలుపెడుతుంది. బెర్టీకి అంతకంటే పెద్ద ఆపద లేదు. ఆఖరికి సభలో గొడవ రేగి, ఎవరో విసిరిన బంగాళాదుంప స్పోడ్ కంటికి తగులుతుంది. దాంతో రాజకీయాల మీద మోజు తీరి, బిరుదు ఉంచుకోవడమే మేలనుకుంటాడు. విడిగా చదివితే ఇదొక చిన్న ప్రహసనం. 1938లో యూరప్ మొత్తం ఉపన్యాసాలకు ఊగిపోతున్న రోజుల్లో పుట్టిన పాత్ర అని తెలిసి చదివితే, జనం చప్పట్లతో పెరిగిన ఆ మదం ఓటర్ల కూరగాయల దెబ్బకు దిగిపోవడం మరోలా కనిపిస్తుంది. ఈ రెండో నవ్వు ఆ నవల ఒక్కదానిలోనే పుట్టిందని చెప్పలేం. రెండు పుస్తకాల మధ్య గడిచిన కాలం కూడా దాన్ని పుట్టించింది. వరసగా రాయని రచయితకు ఆ నవ్వు చిక్కదు.

ప్రతి నవలా తన కాళ్ల మీద తాను నిలబడాలి కదా, వెనకటి పుస్తకాలు చదివొస్తేనే రుచించేదాన్ని మంచి నవల అని ఎలా అంటామని అడిగేవాళ్లుంటారు. న్యాయమైన ప్రశ్నే. మన దగ్గరైతే మరీను. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టలో వుడ్‌హౌస్ కొనేవాళ్లకు ఏ సంవత్సరపుది దొరికితే అదే మొదటిది. ఆ పాఠకుడికి పైన చెప్పిన బంగాళాదుంప బంగాళాదుంపే. అయితే అతనికి అందే నవల తక్కువదైనా వట్టిది కాదు. బెర్టీ ఏదో షేక్స్పియర్ వాక్యం మొదలెట్టి సగంలో మరిచిపోవడం, జీవ్స్ దాన్ని వినయంగా పూర్తి చేయడం, ఆ వినయంలోనే యజమానికి చురక తగలడం, ఇవి అర్థం కావడానికి పాత పరిచయం అక్కర్లేదు. నా అభ్యంతరమల్లా అభిప్రాయం చెప్పే తీరు మీద. మొదటిసారి చదివినవాళ్లు ఆ సంగతి చెప్పి చెబితే వినేవాడికి ఉపయోగం. పదో పుస్తకంగా చదివినవాళ్లు కూడా ఆ మాట చెప్పాలి. ఈ ఒక్క ముక్క లేకపోబట్టే ఒకే నవలకు ఆకాశానికెత్తే పొగడ్త, పెదవి విరుపు పక్కపక్కన నిలబడి, రెంటిలో ఏది నమ్మాలో తెలియకుండా పోతోంది.

జార్జ్ ఆర్వెల్ 1945లో వుడ్‌హౌస్‌ను వెనకేసుకొస్తూ రాసిన వ్యాసంలోనే ఒక గట్టి మాట ఉంది. ఈ రచయిత ప్రపంచం మొదటి యుద్ధానికి ముందటి ఇంగ్లండు దగ్గరే నిలిచిపోయిందని, ఆ తర్వాత ఎదగలేదని. పెద్ద మాటే, చాలావరకు నిజం కూడా. అయినా అది హాస్య నవలకు లోపమని ఒప్పుకోలేను. పాత్ర ఎదిగితే ఏమవుతుందో చూడడానికి దూరం పోనక్కర్లేదు, మొక్కపాటి నరసింహశాస్త్రి 'బారిస్టర్ పార్వతీశం' ఉంది. మూడు భాగాల్లోనూ మొదటిదానికి వచ్చిన పేరు తర్వాతి రెండిటికీ రాలేదు. మొగల్తూరు నుంచి బయల్దేరిన కుర్రాడి తెలియనితనమే మొదటి భాగానికి ప్రాణం. అతనికి లోకం తెలిశాక కథ గంభీరమైంది, విలువైనదీ అయింది, నవ్వు మాత్రం పలచబడింది. మొక్కపాటి తన నాయకుణ్ని పెద్దవాణ్ని చేసి నవ్వును కొంత వదులుకున్నారు. వుడ్‌హౌస్ నవ్వును నిలుపుకుని నాయకుడి వయసును ఆపేశాడు. రెండూ తెలిసి ఎంచుకున్న దారులే, రెంటికీ ఖరీదుంది. పైగా ఆ ప్రపంచం పూర్తిగా బిగుసుకుపోయిందని కూడా అనలేం. వారసత్వపు బిరుదు వదులుకునే హక్కు బ్రిటన్‌లో 1963 చట్టంతోనే వచ్చింది. అది లేకపోతే స్పోడ్ కథ నడవదు.

నవ్వు వచ్చిందా లేదా అన్నదే లెక్క, ఈ తర్కమంతా ఎందుకు అని కూడా అంటారు. నవ్వు ఎవరికి వారిదే, నిజమే. కానీ ఎక్కడ నవ్వు రాలేదో చెప్పగలిగితే కారణం దొరుకుతుంది, దాని గురించి మాట్లాడుకోవచ్చు. 'మచ్ ఆబ్లైజ్డ్, జీవ్స్'లో నాకు నవ్వు ఆగిన చోట్లు కొన్ని ఉన్నాయి. బింగ్లీ ఎవరు, మడలిన్ ఎవరు, స్పోడ్‌తో పాత గొడవేమిటి అని బెర్టీ వెనక్కి వెళ్లి చెప్పే పేరాలు అవి. పాత కథ కొత్తవాళ్లకు ఎలా చెప్పాలి, పాతవాళ్లకు విసుగు రాకుండా ఎలా చూడాలి అన్న చిక్కు వుడ్‌హౌస్‌కు ఎప్పుడూ ఉంది. 1934 నాటి 'రైట్ హో, జీవ్స్' మొదటి పేజీల్లో ఆ చిక్కునే హాస్యంగా మలిచాడు. కథ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియని బెర్టీ అవస్థే అక్కడ కథ. 1971లో ఆ పరిచయాలు అప్పజెప్పినట్టు వస్తాయి. బింగ్లీకి సరిగ్గా ఆ ఎన్నిక జరిగే ఊళ్లోనే ఇల్లు వారసత్వంగా రావడం లాంటి కాకతాళీయాలు కూడా కొంచెం ఎక్కువే. పూర్వం ఇలాంటివి నాలుగైదు మలుపుల కింద దాగి ఉండేవి, ఇక్కడ పైకే తేలాయి. ఆయన పట్టు సడలింది ఇక్కడ. ఇది చెప్పాల్సిన విమర్శ. 'అదే కథ' అని తేల్చేస్తే ఈ లోపమూ కనబడదు, క్లబ్బు పుస్తకం చేసిన ఘనతా కనబడదు. పాతదాన్ని తిరగేసి వాడిన చోట, పాతదాన్ని వల్లించిన చోట ఒకే ముద్ర పడిపోతుంది.

అందుకే ఈ నవల ఎలా ఉందని అడిగేవాళ్లకు నా జవాబు రెండు ముక్కలుగా ఉంటుంది. వుడ్‌హౌస్ అసలు చదవనివాళ్లు దీంతో మొదలుపెట్టొద్దు. 'ది కోడ్ ఆఫ్ ది వూస్టర్స్' తెచ్చుకుని, దాని తర్వాత, వీలైతే వెంటనే, దీన్ని తీయండి. స్పోడ్ గొంతు చెవిలో ఉండగానే ఆ ఎన్నికల సభకు చేరుకోవాలి. ఆయన పుస్తకాలు చాలా చదివి అలసిపోయామనేవాళ్లు మాత్రం మొదట వచ్చే పరిచయాలను చకచకా దాటేసి, బింగ్లీ ఆ పుస్తకం కాజేసిన దగ్గర నుంచి నెమ్మదిగా చదవండి.