గ్రామ స్మృతి గ్రంథాలు: జ్ఞాపకానికి ప్రమాణమేది?

1948లో జనశూన్యమైన పాలస్తీనా గ్రామాలను గురించి గత నాలుగు దశాబ్దాలలో ఒక ప్రత్యేక వాఙ్మయమే వెలసింది. అరబ్బీలో వెలువడిన ఈ గ్రామ గ్రంథాల కర్తలలో వృత్తిరీత్యా చరిత్రకారులు తక్కువ. ఊరు విడిచి వచ్చినవారు, వారి సంతానం తమకు తెలిసినదానిని, పెద్దల నోట విన్నదానిని పోగుచేసి అచ్చువేసుకున్నారు. వంశవృక్షాలు, పొలాల పేర్లు, బావులు, మస్జిదు, ఒలీవ నూనె గానుగ, పెండ్లిపాటలు, చేతితో గీసిన ఊరిపటాలు, దొరికినన్ని పాత ఫోటోలు - ఇవి వాటి సామగ్రి. రోషెల్ డేవిస్ 2011లో ప్రకటించిన పరిశోధన గ్రంథానికి ఇటువంటి పుస్తకాలు 120కి పైగా ఆధారమైనాయి.

ఈ శ్రమ గౌరవించదగినది. అయితే గౌరవం వేరు, పరిశీలన వేరు. ఒక జాతి తన ఊళ్ళకు సాక్ష్యంగా నిలుపదలచిన పుస్తకాలను సాక్ష్యానికి తగిన తూనికతోనే తూచవలసియున్నది.

ఈ రంగంలో ప్రామాణికమైన సంకలనం వలీద్ ఖాలిదీ సంపాదకత్వాన 1992లో వెలువడిన 'ఆల్ దట్ రిమెయిన్స్'. పాలస్తీనా అధ్యయన సంస్థ, బీర్‌జీత్ విశ్వవిద్యాలయం, నజరేతులోని గలిలయ పరిశోధన కేంద్రం కలిసి చేసిన కృషి అది. 418 గ్రామాలను ఒక్కొక్కదానినే తీసుకొని, జనాభా, భూముల వివరం, 1948కి పూర్వపు స్థితి, ఊరు ఖాళీ అయిన తీరు, ఆ స్థలంలో పిమ్మట కనిపించినది అని ఒకే క్రమంలో వివరించారు. స్థలాలకు స్వయంగా వెళ్ళి చూచి ఫోటోలు తీశారు. నాగజెముడు పొదలు, కూలిన గోడ, ఒంటరిగా మిగిలిన సమాధి - ఇంతే అనేక గ్రామాలకు మిగిలినది. ఇతరుల లెక్కలు దీనితో సరిపోవు. బెన్నీ మోరిస్ జాబితాలో 369, సల్మాన్ అబూ సిత్తా జాబితాలో 531 స్థలాలున్నవి. దేనిని గ్రామమనాలి, బెదూయీ తెగల నివాసాలను చేర్చాలా వద్దా అన్న నిర్వచన భేదం ఇందుకు ముఖ్య కారణం. నిర్వచనం ముందుగా చెప్పిన లెక్కను విమర్శింపవచ్చును గాని నిందింపరాదు.

ఫోటోల సంగతి ఇంకొక విధం. 1948కి పూర్వపు పల్లెటూళ్ళ చిత్రాలలో అధికభాగం పల్లెవారు తీయించుకున్నవి కావు. యెరూషలేములోని అమెరికన్ కాలనీ వారు, ఐరోపా స్టూడియోలవారు యాత్రికులకు అమ్మడానికి తీసినవే ఎక్కువ. పరిగె ఏరే స్త్రీ కనబడితే బైబిలులోని రూతు, గొఱ్ఱెలకాపరి కనబడితే దావీదు. ఆ స్త్రీ పేరేమో, ఆ చేను ఏ ఊరిదో ఎవరూ వ్రాసిపెట్టలేదు. ఇట్టి చిత్రాన్ని గ్రామ గ్రంథంలో చేర్చి 'మన ఊరి కోతలు' అంటే కొనేవారి కోరిక చరిత్రగా చెలామణి అవుతుంది. ఖాలిదీ 1984లో ప్రకటించిన 'బిఫోర్ దెయిర్ డయాస్పొరా' ఇందుకు విరుగుడు. చిత్రానికి స్థలం, కాలం, సందర్భం జతపరచి, చూచేవారి కోసం తీసిన బొమ్మను చూడబడినవారి చరిత్రలో నిలబెట్టినది. పేరులేని ఫోటో అనాథ. పేరు చెప్పగల పెద్దలు పోయిన తరువాత దానికి పేరు పెట్టగలవారుండరు.

జ్ఞాపకాన్ని పరీక్షించిన ఉత్తమ ఉదాహరణ దైర్ యాసీన్. 1945 నాటి లెక్కలలో 610 మంది జనాభా గల ఈ గ్రామంపై 1948 ఏప్రిల్ 9న దాడి జరిగినది. 254 మంది హతులైనారన్న సంఖ్య దాడిచేసిన పక్షపు నాయకుని నోటనే వెలువడి, పత్రికలకెక్కి, ఉభయపక్షాలలోను స్థిరపడింది. ఒకరికి అది భయపెట్టడానికి, మరొకరికి ఘోరాన్ని చాటడానికి పనికివచ్చింది. బీర్‌జీత్ విశ్వవిద్యాలయం తరఫున షరీఫ్ కనాఅనా, నిహాద్ జీతావీ 1987లో వెలువరించిన గ్రామ గ్రంథం కుటుంబం తరువాత కుటుంబంగా బ్రతికినవారిని విచారించి, పేరుపేరునా లెక్కించి 107 అని తేల్చింది. సంఖ్య తగ్గితే నేరం తగ్గదు. పైగా 107 మందికి పేర్లు దక్కాయి, 254కు పేర్లు లేవు. స్వజనులకు అనుకూలమైన సంఖ్యను స్వజనులే సరిదిద్దడం వలన తక్కిన సాక్ష్యానికి కూడ బలం చేకూరింది.

ఇస్లామీయ విద్యలతో పరిచయమున్నవారికి ఈ పద్ధతి కొత్తది కాదు. హదీసు పండితులు వార్తను స్వీకరించే ముందు 'ఎవరి నుండి విన్నావు, అతడెవరి నుండి విన్నాడు' అని ఇస్నాదును అడిగారు. ఉల్లేఖకుని జ్ఞాపకశక్తిని, నిజాయితీని జర్హ్-తఅదీల్ శాస్త్రంతో పరీక్షించారు. సజ్జనుడే అయినా మతిమరుపు కలవాని మాటను పక్కన పెట్టారు. ఆ అభిమానం, ఆ కాఠిన్యం ఒకచోటనే ఉండగలవని వారు నిరూపించారు. గ్రామ గ్రంథాలలో అనేకం ఇక్కడనే తప్పిపోతున్నవి. 'మా పెద్దలు చెప్పారు' అన్న ఒక్క వాక్యం కింద ఎందరివో మాటలు కలిసిపోతాయి. కన్నవాడెవరో, విన్నవాడెవరో తెలియదు. ఆనాటికి చెప్పినవాని వయసు పదేండ్లో ముప్పయ్యేండ్లో తెలియదు.

రెండవ లోపం మౌనం. ఊరంతా ఒక్క కుటుంబంవలె బ్రతికిందన్న చిత్రమే తరచు కనబడుతుంది. భూమి అమ్ముకున్నవారి ప్రసక్తి, వర్గాల కక్షలు, పాలేర్ల బ్రతుకు పుటలకెక్కవు. చెప్పినవారూ వ్రాసినవారూ ప్రధానంగా పురుషులే కావడంవలన నీటిబావి, పొయ్యి, పురుడు, కోడండ్ర కష్టం స్త్రీల నోట వినబడేది స్వల్పం. పోయిన ఊరిని నిందించడానికి మనసు రాదు, నిజమే. కాని తప్పులు లేని ఊరు చదువరికి నమ్మదగిన ఊరుగా తోచదు.

ఎదుటి పక్షపు జ్ఞాపకాన్ని కూడ చూడగలిగిన గ్రంథం సూజన్ స్లయొమోవిక్స్ 1998లో వ్రాసిన 'ది ఆబ్జెక్ట్ ఆఫ్ మెమరీ'. హైఫాకు దక్షిణాన ఐన్ హౌద్ గ్రామపు రాతి ఇండ్లు 1953లో మార్సెల్ యాంకో నెలకొల్పిన యూదు కళాకారుల కాలనీ అయినవి. మస్జిదు భోజనశాల అయినది. గ్రామస్థులలో కొందరు దగ్గరి కొండపై కొత్త ఊరు కట్టుకొని, చాలాకాలం ప్రభుత్వ గుర్తింపు లేకనే బ్రతికారు. ఐరోపాలో నశించిన తమ ఊళ్ళకు యూదులు వ్రాసుకున్న స్మృతి గ్రంథాలను, పాలస్తీనీయుల గ్రామ గ్రంథాలను పక్కపక్కన ఉంచి చదవడం ఈ పుస్తకపు విశిష్టత. ఇల్లు పోయినవాని భాష ఎక్కడైనా ఒకటేనన్న ఎరుక ఉభయులకూ అవసరమైనదే.

1948లో ఇరువదేండ్లున్నవారు ఇప్పుడు దాదాపు నూరేండ్ల వయసువారు. కనుక మిగిలిన పని వాయిదాకు ఓర్వదు. ప్రతి ఫోటో వెనుక పేరు, స్థలం, చెప్పినవారి వివరం వ్రాయాలి. స్త్రీల మాటను వేరుగా నమోదు చేయాలి. పరస్పర విరుద్ధమైన జ్ఞాపకాలు రెండింటినీ ఉంచాలి. రాబోయే గ్రామ గ్రంథం విలువ ఈ జాగ్రత్తపై ఆధారపడియున్నది. ఊరు లేదని వాదించేవాని యెదుట నిలువగలిగేది ఇట్టి గ్రంథమే.